పసుపు బల్బు కింద

కరెంటు అన్నం ముట్టక రెండు రోజులు.
కరెంటంటే మా కుక్క.
తుఫానుకు తీగలు తెగి, ఏరియేటర్లు ఆగి,
గుంటల్లో రొయ్యలు పైకి తేలిన రాత్రి
మేత బస్తాల సందులో దొరికింది,
అందుకని ఆ పేరు.

ఇసకపల్లి పక్కన ఆరు గుంటలకు నేను కావలి.
నాకు అది కావలి.

నీళ్ళ రంగు చూసి రొయ్య జబ్బు చెప్పేవాణ్ణి.
టీ రంగయితే నిద్రపోవచ్చు,
పాచి పచ్చ ముదిరితే తెల్లారేదాకా మెలకువ.
ఆసామి ఫోన్లో నన్నే అడుగుతాడు.
అట్లాంటి కళ్ళకి
కుక్క కంట్లో తెల్లగుడ్డు
చామంతి రంగు తిరగడం ఆనలేదు.

షెడ్డులో ఒకటే బల్బు, పసుపుది.
దాని కింద అన్నం పచ్చన, గోడ పచ్చన,
మా పోలమ్మ మొహం పచ్చన.
కామెర్లోడికి లోకమంతా పచ్చనని సామెత ఉండాదే,
రోగం దానికొస్తే
సామెత నాకు తగిలింది.

మూడోనాడు ఎండలోకి మోసుకొచ్చి పెదవెత్తితే
చిగుళ్ళు, చెవి లోపల, పొట్ట మీద బొచ్చు లేని చోట
అంతా ఒకటే పసుపు.
ఉచ్చ చూస్తే కాఫీ డికాషన్.

పసరు పోయిద్దామనింది పోలమ్మ.
అల్లూరు ముసలాయన ఆదివారమే ఇస్తాడు,
పరగడుపున తాగాలి, ఉప్పు మానాలి.
ఎండుచేపల కంపులో పెరిగిన కుక్క
ఉప్పు మానేదెట్టమే?
పక్క గుంటోడు ముంజేతికి వాత పెట్టమన్నాడు.
కుక్కకి ముంజేయి యాడుండాదని
మేం ముగ్గురం కాసేపు నిజంగానే వెతికినాం.
ఆసామి మాత్రం ఒక్క ముక్కే:
"ఇంకో పిల్లను తెచ్చుకోరా."

మోపెడ్ మీద, మేత సంచిలోంచి మెడ బయటపెట్టి
కావలికి పోయింది నా కావలి.

డాక్టరమ్మ పేరు షమీమ్. గ్లౌజులు తొడిగింది.
"కామెర్లు జబ్బు కాదన్నా, జబ్బు పూసిన రంగు.
రక్తం లోపల విరిగినా ఇదే రంగు"
అని చెవుల వెనక గోమార్లు వెతికింది, రెండే దొరికినాయి.
"పైత్యం దారి మూసుకున్నా ఇదే."
తూముకి పాచి అడ్డం పడితే గుంట పొర్లినట్టు, అనుకున్నా.
"కార్జం చెడినా ఇదే.
మీ కాడ ఎలుకలుండాయా?"

నవ్వొచ్చింది.
కలుగుకి పొగబెట్టి ఎలుకను పట్టే ఇంట్లో పుట్టినోణ్ణి.
మేత ఉన్నచోట ఎలుకలుండవా తల్లీ.
వాటి ఉచ్చ కలిసిన మడుగులో
ఇది నీళ్ళు తాగిందంట.
సాయంత్రం రిపోర్టూ అదే మాటంది.
దాని పేరు పొడుగు, నా నాలిక తిరగలేదు.

సెలైన్, పెన్సిలిన్ సూదులు,
వాంతులాగినాక రెండు వారాల మాత్రలు.
బతుకుద్దా అంటే
"కిడ్నీలు ఒప్పుకుంటే" అనింది.
ఒట్టి ధైర్యం చెప్పలేదు, అందుకే నమ్మినా.

తర్వాత నా కాళ్ళ వంక చూసింది.
పగుళ్ళు. బూట్లు లేవు.
"దాని ఉచ్చ చేత్తోనే కడిగినావా?"
కిటికీ కాడికి పిలిచి
నా కంటి కింది రెప్ప లాగింది.
రేషన్ కాడ కంటి మిషను తప్ప
నా కళ్ళలోకి అంతసేపు ఎవరూ చూడలేదు.
"తెల్లగానే ఉండాది. జొరమొస్తే మాత్రం ఆగొద్దు,
పెద్దాసుపత్రికి పోయి కుక్క సంగతి చెప్పు."

ఆరు రోజులు తిప్పినా.
ఏడోనాడు తోక ఒకసారి, అదీ సగం, కదిలింది.

ఖర్చు నా జీతంలో కోసుకున్నాడు ఆసామి.
బస్తాలు బల్ల మీదికెక్కినాయి, మడుగు పూడింది,
బూట్లు ఒక సైజు పెద్దవి దొరికినాయి.
బల్బు తెల్లది పెట్టినా.
ఏటా వేయించాల్సిన సూది తేదీ గోడ మీద బొగ్గుతో రాసినా.

ఇప్పుడు తెల్లారగానే నీళ్ళ రంగుకంటే ముందు
దాని పెదవెత్తి చూస్తా. అది విసుక్కుంటది.
అద్దం ముక్కలో నా రెప్ప లాక్కుంటా.

మొన్న పోలమ్మ వచ్చి నిలబడింది.
"నావి చూడవా?"

ఇక్కడ గాదు, ఎండలోకి రా అన్నా.